ఎఱ్ఱచొక్కాల దండు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆగ్నేయ దిశను, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున సౌత్ కెరొలైనా అను రాష్ట్రము కలదు. ప్రత్తియు వరియు విస్తారముగా పండిన నేల అది. కాని ఆ పంటలను పండించిన చేతులు వేఱు, వాని ఫలమును అనుభవించిన చేతులు వేఱు. ఆఫ్రికా ఖండమునుండి ఓడలలో బంధించి తేబడిన నల్లజాతివారి సంతతి అక్కడ తరతరములుగా బానిసలై చాకిరి చేసిరి. బానిసకు కూలి లేదు, సొంత ఇల్లు లేదు, కన్నబిడ్డపైనను హక్కు లేదు. 1834వ సంవత్సరపు చట్టమొకటి బానిసకు చదువు నేర్పుటను సైతము నేరముగా నిర్ణయించెను.

1861 మొదలు 1865 వఱకు ఆ దేశమున ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ ఘోరమైన అంతర్యుద్ధము జరిగెను. దక్షిణాదివారు ఓడిపోయిరి, బానిసత్వము రద్దయ్యెను. ఆ తరువాతి పండ్రెండేండ్ల కాలమును చరిత్రకారులు పునర్నిర్మాణ యుగమందురు. 1868లో సౌత్ కెరొలైనాకు క్రొత్త రాజ్యాంగము వచ్చెను. దానిని వ్రాసిన సభలో సగమునకు మించి నల్లజాతివారే. 1870లో, జాతిని బట్టి గాని, రంగును బట్టి గాని, పూర్వపు బానిసత్వమును బట్టి గాని ఎవరికిని ఓటు హక్కును నిరాకరింపరాదని దేశ రాజ్యాంగమునకు 15వ సవరణ చేర్చబడెను. ఆనాటి సౌత్ కెరొలైనా జనాభాలో నూటికి దాదాపు 59 మంది నల్లజాతివారు. కనుక నిన్నటివఱకు అంగడిలో అమ్ముడుపోయినవారు నేడు శాసనసభ్యులు, న్యాయాధికారులు, ఉపాధ్యాయులు కాజొచ్చిరి. పేదబిడ్డలకు ప్రభుత్వ పాఠశాలలు వెలసెను. 1873లో రాష్ట్ర విశ్వవిద్యాలయము నల్లజాతి విద్యార్థులకు తన తలుపులు తెఱచెను.

ఆ ప్రభుత్వమున లంచగొండులు లేకపోలేదు. తెల్లవారిలోను ఉండిరి, నల్లవారిలోను ఉండిరి. పిమ్మట వచ్చినవారు ఆ లంచములనే పెద్దగా చూపి తమ పనిని సమర్థించుకొనిరి. లంచగొండిని పట్టి శిక్షింపవచ్చును. అందుకై ఒక జాతి యంతటికిని ఓటు లేకుండ చేయనేల?

ఈ కథలోని ముఖ్యుడు బెంజమిన్ టిల్మన్. ఇతడు 1847లో ఆ రాష్ట్రపు ఎడ్జ్‌ఫీల్డు జిల్లాలో బానిసల నేలిన భూస్వాముల ఇంట జన్మించెను. 1864లో వ్యాధి సోకి ఎడమ కన్ను పోయెను. అందుచే యుద్ధమునకు పోలేదు. యుద్ధము ముగిసినపుడు వయస్సు పదునేడేండ్లు. తమ పొలములో నిన్నటివఱకు కొరడాకు జడిసి పనిచేసినవాడు నేడు తనతో సమానముగా ఓటు వేయుట అతనికి భరింపరాని అవమానముగా తోచెను. అట్లు తలచినవాడు అతడొక్కడే కాడు. పొరుగు భూస్వాములెల్లరు అదే మాట అనుకొనుచుండిరి.

అంతకు పూర్వమే కూ క్లక్స్ క్లాన్ అను రహస్య సంఘమువారు ముసుగులు ధరించి రాత్రివేళ నల్లవారి ఇండ్లపై పడి కొట్టుట, చంపుట చేసిరి. 1871లో అధ్యక్షుడు గ్రాంటు ఆ రాష్ట్రపు ఉత్తర భాగమున తొమ్మిది జిల్లాలలో సైన్యమును దింపి, వందలకొలది మందిని బంధింపించెను. క్లాన్ అణగెను. దీనినుండి ఎడ్జ్‌ఫీల్డు పెద్దలు ఒక పాఠము నేర్చుకొనిరి. ముసుగు వేసికొని వచ్చినవాడు దొంగవలె కనబడును; దొంగను పట్టుటకు సైన్యము వచ్చును. పట్టపగలు, ముఖము దాచుకొనక, ఊరిపెద్దలే గుఱ్ఱములెక్కి, తుపాకులు పట్టి, ఇది మా తుపాకి అభ్యాస సంఘము, మా కత్తిసాము సంఘము అని చెప్పుకొనుచు వచ్చినచో? ఈ విధముగా 1873లో ‘స్వీట్‌వాటర్ సేబర్ క్లబ్బు’ అను సంఘము పుట్టెను. సేబర్ అనగా అశ్వికులు పట్టు వంకకత్తి. టిల్మన్ అందులో చేరెను.

సవానా నది గట్టున, జార్జియా రాష్ట్రమందలి అగస్టా నగరమునకు ఎదురుగా, హాంబర్గు అను చిన్న పట్టణముండెను. రైలుమార్గము వచ్చి ఆ ఊరి వర్తకమును అగస్టాకు తరలించుకొనిపోగా పాడుపడిన ఆ చోట, స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు వచ్చి స్థిరపడిరి. అక్కడి న్యాయాధికారి ప్రిన్స్ రివర్స్. ఇతడు పూర్వము బానిస. యుద్ధకాలమున ఉత్తరాది సైన్యములోని నల్లజాతి పటాలమున సార్జెంటుగా పేరుగాంచినవాడు. ఆ ఊర రాష్ట్ర ప్రభుత్వపు పౌరసేనాదళ మొకటి కలదు. దాని సైనికులందఱు నల్లవారే. నాయకుడు డాక్ ఆడమ్స్.

1876 జూలై 4వ తేది. అమెరికా స్వాతంత్ర్యమును ప్రకటించి సరిగా నూఱేండ్లు నిండిన పండుగదినము. పౌరసేన ఊరి పెద్దవీధిలో కవాతు చేయుచుండెను. ఇద్దఱు తెల్ల యువకులు బగ్గీలో వచ్చి తమకు దారి విడువుమనిరి. వీధి మిక్కిలి విశాలమైనది; ప్రక్కగా పోవుటకు చోటున్నది. మాటకు మాట పెరిగెను. తుదకు సైనికులే తొలగి దారి యిచ్చిరి. కథ అంతటితో ముగియవలసినదే. కాని పిర్యాదు రివర్స్ ముందుకు వచ్చెను. విచారణ 8వ తేదికి వాయిదా పడెను. ఆనాడు తెల్లవారి పక్షమున మాజీ సేనాపతి మాథ్యూ బట్లర్ న్యాయవాదిగా వచ్చి, న్యాయస్థానములో వాదించుటకు మాఱుగా, పౌరసేనవారు తమ తుపాకులన్నిటిని తనకు అప్పగింపవలెనని పట్టుబట్టెను. ప్రభుత్వమిచ్చిన ఆయుధములను అధికారము లేని పరునికి అప్పగించుట ఎట్లు? వారు నిరాకరించిరి. అంతలో స్వీట్‌వాటర్ సంఘమువారును, ఇతరులును వందలకొలదిగా ఊరిని చుట్టుముట్టిరి. టిల్మన్ వారిలో నుండెను.

పౌరసేనవారు నలువదిమందికి లోపు. వారు తమ ఆయుధశాలయైన ఇటుకల మేడలో దాగిరి. కాల్పులు ప్రారంభమయ్యెను. మెరివెదర్ అను తెల్ల యువకుడొకడు నేలకొరిగెను. నదికి ఆవలినుండి ఫిరంగిని తెచ్చి మేడపై ప్రేల్చిరి. లోనివారు వెనుక దారిని చీకటిలో జాఱుకొనజూడగా పాతికమందికి పైగా పట్టుబడిరి. ఊరి రక్షకాధికారి జేమ్స్ కుక్‌ను అప్పటికే చంపిరి. పోరు ముగిసిన తరువాత, నడిరేయి దాటిన పిమ్మట, బందీలనుండి కొందఱిని పేరు పెట్టి పిలిచి, ఒక్కొక్కరినే వెలుపలికి కొనిపోయి కాల్చిచంపిరి. మొత్తముమీద ఆ రాత్రి కారణముగా మరణించిన నల్లజాతివారు ఆరుగురికి తక్కువ కారు.

దీనిని ఆవేశమున జరిగిన పొరపాటని చెప్పుటకు వీలులేదు. మూడు పదుల యేండ్లు గడచిన తరువాత, 1909లో, తన పాత సహచరుల కూటమిలో టిల్మన్ తానే స్వయముగా ఈ సంగతి విప్పెను. మొదట దొరకిన సందును పట్టుకొని కలహము రేపి, నల్లవారికి బుద్ధి చెప్పవలెనని తమ జిల్లా నాయకులు ముందుగనే నిశ్చయించుకొనిరని అతడు గర్వముతో చెప్పెను. నేరము చేసినవాడు దాచుట లోకసహజము. ఇతడు దాచలేదు; తన ఘనతగా చాటుకొనెను. చరిత్ర వ్రాయువారికి ఇంతకు మించిన సాక్ష్యము వేఱేమి కావలెను?

మరణవిచారణ జరిపిన పంచాయతీవారు 94 మంది తెల్లవారిపై నేరము మోపిరి. టిల్మన్ వారిలో ఒకడు. వారు ఐకెన్ పట్టణపు న్యాయస్థానమునకు వచ్చిన తీరు వినదగినది. ఉత్తరాది నాయకులు దక్షిణాది దౌర్జన్యములను గుర్తుచేసినపుడెల్ల, నెత్తుటి చొక్కాను ఊపుచున్నారని దక్షిణాదివారు ఎగతాళి చేసెడివారు. ఆ ఎగతాళినే నిందితులు వేషముగా ధరించిరి. టిల్మన్ ముతక చొక్కాలు కుట్టించి, నెత్తురు మరకలవలె ఎఱ్ఱరంగు పూయించెను. అవి తొడిగికొని గుఱ్ఱములపై ఊరేగుచు న్యాయస్థానమునకు వచ్చిరి. బెదరిన అధికారులు జామీనుపై వారిని విడిచిపెట్టిరి. ఆ వ్యాజ్యము ఎన్నటికిని విచారణకు రాలేదు. నాటినుండి రాష్ట్రమంతటను గుఱ్ఱపుదండ్లకు ఎఱ్ఱచొక్కా గుర్తుగా మాఱెను.

ఆ సంవత్సరము నవంబరులో ఎన్నికలు. గవర్నరు పదవికి రిపబ్లికను పక్షమున డేనియల్ చేంబర్లెను, డెమొక్రాటు పక్షమున మాజీ సేనాపతి వేడ్ హాంప్టను పోటీచేసిరి. ఆ కాలమున నల్లజాతివారు రిపబ్లికనులను, దక్షిణాది తెల్లవారిలో అధిక సంఖ్యాకులు డెమొక్రాటులను బలపఱచుచుండిరి. ఆ పార్టీల నేటి స్వభావమును బట్టి నాటి కథను చదువరాదు. హాంప్టను తాను అందఱికిని న్యాయము చేయుదునని మృదువుగా పలుకుచుండెను. అతనికి గెలుపు దారి వేసినది మాత్రము మార్టిన్ గేరి అను ఎడ్జ్‌ఫీల్డు నాయకుని పథకము. ప్రతి డెమొక్రాటు ఒక్కొక్క నల్లవాని ఓటునైనను తన చేతిలో ఉంచుకొనవలెను. బెదరించియో, కొనియో, ఓటుచోటికి రానీయకయో అది నెఱవేర్చవలెను. ఇది ఆ పథకపు సారము.

ఆగస్టు 12వ తేదిని గవర్నరు చేంబర్లెను ఎడ్జ్‌ఫీల్డులో సభ జరుపగా, గేరియు బట్లరును వందలకొలది ఆయుధపాణులతో వచ్చి, సభలో తమకును సమయము పంచి ఈయవలెనని వేదికను ఆక్రమించి, గవర్నరును అతని యెదుటనే దూషించిరి. ఒక్క గుండైనను ప్రేలలేదు. ప్రేల్చవలసిన అవసరము లేకపోయెను. రాష్ట్రమున కెల్ల పెద్ద అధికారికే నోరెత్తుటకు అలవి కానపుడు, ఊరిలోని కౌలురైతు ఏమని ధైర్యము తెచ్చుకొనును? ఎఱ్ఱచొక్కాల బలమంతయు ఇక్కడనే యున్నది. హాంబర్గులో కొందఱిని చంపిరి. ఆ తరువాత వందల ఊళ్లలో గుఱ్ఱములపై ఊరకే తిరిగిరి. ఆ చొక్కాను చూచినవానికి హాంబర్గు తలపునకు వచ్చెడిది.

చంపుటయు అంతటితో ఆగలేదు. సెప్టెంబరులో ఎల్లెంటను ప్రాంతమున పలుదినములు వేటాడి పదులకొలది నల్లవారిని హతమార్చిరి. విచారించుటకు వచ్చిన సైమన్ కోకర్ అను నల్లజాతి శాసనసభ్యుని పట్టుకొని, అతడు మోకరిల్లి ప్రార్థించుచుండగా కాల్చిరి. కాల్చినవారు టిల్మన్ దళమువారు. అక్టోబరులో అధ్యక్షుడు గ్రాంటు తుపాకి సంఘములన్నియు రద్దు కావలెనని ఆజ్ఞాపించెను. సంఘములు రద్దు కాలేదు, పేర్లు మార్చుకొనెను. బేస్‌బాల్ ఆటగాండ్ర సంఘమనియు, దేవాలయపు కుట్టుపని సమాజమనియు పేర్లు పెట్టుకొనిరట! ఇట్టి చోట నవ్వు వచ్చుట నిజమే గాని, ఆ కుట్టుపనివారి చేతులలో ఉండినవి సూదులు కావు.

నాడు ఓటు రహస్యము కాదు. ఏ పార్టీకి ఆ పార్టీ తన చీటీలను అచ్చువేయించి పంచును; ఓటరు ఆ చీటీని పదుగురి కన్నుల యెదుట పట్టుకొనివచ్చి పెట్టెలో వేయవలెను. అతడు ఎవరి పక్షమో దూరమునుండియే తెలియును. టిల్మన్ తన ఊరి ఓటుచోట ఎన్నికల అధికారిగా కూర్చుండెను. ఆలస్యముగా వచ్చిన నల్లజాతి అధికారిని బెదరించి పంపివేసెను. రిపబ్లికనుకు ఓటు వేసినవారిని తాను జ్ఞాపకముంచుకొందునని చెప్పెను. ఆ చోట డెమొక్రాటులకు 211, రిపబ్లికనులకు 2 ఓట్లు వచ్చెను. ఆ జిల్లాలో ఓటర్లలో మూడింట రెండు వంతులకు దగ్గఱగా నల్లజాతివారు! అయినను అక్కడ హాంప్టనుకు నూటికి అరువదికి పైగా ఓట్లు వచ్చినవని ప్రకటించిరి. రాష్ట్రమంతటను అతని ఆధిక్యము పదునొకండు వందల చిల్లర ఓట్లు మాత్రమే. ఎడ్జ్‌ఫీల్డు వంటి జిల్లాలు లేకున్నచో ఆ ఆధిక్యము ఎక్కడనుండి వచ్చియుండును?

ఇరుపక్షములును తామే గెలిచితిమనిరి. కొన్ని నెలలు ఆ రాష్ట్రమున ఇద్దఱు గవర్నరులు, రెండు శాసనసభలు. చేంబర్లెనుకు అండగా రాజధానియగు కొలంబియాలో కేంద్రసైన్యపు చిన్న దళము నిలిచియుండెను. దేశాధ్యక్షుని ఎన్నికయు అదే విధముగా చిక్కుపడెను. తుదకు అధ్యక్షుడైన హేస్ ఆజ్ఞపై 1877 ఏప్రిల్ 10వ తేదిని ఆ సైనికులు రాష్ట్ర శాసనసభా భవనమునుండి వెడలిపోయిరి. చేంబర్లెను పదవి వదలి వెళ్లెను. పన్నెండేండ్ల పునర్నిర్మాణము ఆ రాష్ట్రమున అట్లు ముగిసెను. అదే సంవత్సరము విశ్వవిద్యాలయమును మూసివేసిరి. 1880లో మఱల తెఱచునప్పటికి అది తెల్లవారికి మాత్రమే. తిరిగి అందులో నల్లజాతి విద్యార్థులు అడుగుపెట్టినది 1963లో.

తుపాకితో గెలిచినవారికి ఒక చింత మిగిలియుండెను. ప్రతి ఎన్నికకు తుపాకి పట్టుట కష్టము. ఢిల్లీవలె వారికిని పైన ఒక కేంద్రముండెను, అది ఎన్నడైనను కన్ను తెఱవవచ్చును. కనుక చట్టమునే మార్చనెంచిరి. 1882లో ‘ఎనిమిది పెట్టెల చట్టము’ వచ్చెను. ఒక్కొక్క పదవికి ఒక్కొక్క పెట్టె. పెట్టెపై పదవి పేరు వ్రాయబడియుండును. ఒకదానిలో వేయవలసిన చీటీ మఱియొకదానిలో పడినచో ఆ ఓటు చెల్లదు. చదువురానివాడు ఏ పెట్టెలో ఏది వేయవలెనో ఎట్లెఱుగును? పూర్వము చదువు నేర్పుటను నేరముగా చేసినవారే, పిమ్మట చదువు రాకపోవుటను నేరముగా చేసిరి.

టిల్మన్ 1890లో గవర్నరయ్యెను. పేద తెల్లరైతుల పక్షమున మాటాడి, పట్టణపు ధనికులను తిట్టి, ఆ పదవికి ఎక్కెను. క్లెమ్సన్‌లో వ్యవసాయ కళాశాల నెలకొనుటకు పాటుపడెను. సెనెటుకు పోయినపిమ్మట, ఎన్నికలలో వ్యాపార సంస్థలు ధనమీయరాదని 1907లో వచ్చిన చట్టము ఇతని పేరనే ప్రసిద్ధము. అధ్యక్షుని గడ్డియెత్తు ముండ్లకఱ్ఱతో పొడిచెదనని బెదరించినందున జనులు ఆ కఱ్ఱ పేరనే అతనిని పిలిచెడివారు. ఈ మంచి పనులను కాదనవలసిన పనిలేదు. కాని అతడు రైతన్నప్పుడు తెల్లరైతనియే అర్థము. అతని జిల్లాలో ఎండలో వంగి ప్రత్తి యేరినవారిలో అధిక సంఖ్యాకులు ఆ మాటలోనికి రారు.

1895లో అతని ప్రేరణచే క్రొత్త రాజ్యాంగమును వ్రాయుటకు సభ కూడెను. 160 మంది సభ్యులలో నల్లజాతివారు ఆరుగురే. వారిలో రాబర్ట్ స్మాల్స్ ఒకడు. 1862లో, బానిసగా నున్నపుడే, దక్షిణాదివారి ‘ప్లాంటర్’ అను యుద్ధనౌకను చార్లెస్టన్ రేవునుండి తన కుటుంబముతోను తోడివారితోను నడపుకొనిపోయి ఉత్తరాదివారికి అప్పగించిన వీరుడితడు. తరువాత దేశ ప్రతినిధిసభలో పలుమారులు సభ్యుడుగా నుండెను. టిల్మన్ నల్లవారి పాలనలోని లంచములను గూర్చి గర్జింపగా, స్మాల్సును తోడివారును ఓటు తీసివేయుట యేల యని ఎదురు వాదించిరి. వాదము వినువారు లేరు. రాజ్యాంగము నెగ్గెను. తలపన్ను ఆఱు నెలలు ముందుగ కట్టవలెను. రెండేండ్లు రాష్ట్రమున నివసించియుండవలెను. రాజ్యాంగములో ఒక భాగమును చదివి చూపవలెను, లేదా 300 డాలర్ల ఆస్తి కలిగియుండవలెను. చదువురాని తెల్లవాడు ఏమగును? వానికై ఒక సందు ఉంచిరి. 1898 ప్రారంభము వఱకు, చదివి వినిపించినదానిని అర్థము చేసికొని చెప్పినను చాలును. అర్థమైనదో కాదో నిర్ణయించువాడు తెల్ల అధికారి. ఆ రాజ్యాంగమునందు ‘నల్లవాడు ఓటు వేయరాదు’ అను మాట వెదకినను కనబడదు. 15వ సవరణ చెడకుండ, దాని ప్రాణము మాత్రము తీసిరి. 1896 అక్టోబరు నాటికి ఓటర్ల పట్టికలో తెల్లవారు దాదాపు 50,000, నల్లవారు 5,500. జనాభాలో ఎక్కువ మంది నల్లవారే.

స్మాల్స్ ఆ రాజ్యాంగముపై చేవ్రాలు చేయలేదు. చేవ్రాలు చేయనివానికి ప్రయాణపు ఖర్చులు ఈయమనగా, నడచియైనను ఇంటికి పోయెదనని చెప్పెను.

టిల్మన్ 1895 మొదలు 1918లో మరణించు వఱకు సెనెటు సభ్యుడు. 1900వ సంవత్సరమున సెనెటులోనే నిలువబడి, తాము ఓటు పెట్టెలను దొంగ చీటీలతో నింపితిమనియు, నల్లవారిని కాల్చితిమనియు, అందుకు సిగ్గుపడుట లేదనియు చెప్పెను. అతనిని ఎవరును పదవినుండి తొలగింపలేదు. 1940లో కొలంబియాలోని శాసనసభా ప్రాంగణమున అతని విగ్రహమును నిలిపిరి. అతడు కట్టిన గోడ కూలుటకు 1965 నాటి ఓటుహక్కుల చట్టము రావలసివచ్చెను.

హాంబర్గు ఊరు తరువాత కాలక్రమమున నదీవరదలకు గురియై లేకుండపోయెను. దాని ప్రక్కనే పెరిగిన నార్త్ అగస్టా పట్టణమున 1916లో ఒక రాతిస్తంభము నెత్తిరి. 1876 జూలై 8వ తేదిన మరణించినవారి స్మారకముగా దానిపై చెక్కిన పేరు ఒక్కటే: మెరివెదర్. తక్కినవారి పేర్లతో అక్కడ స్మారకము నిలుచుటకు ఇరువదియొకటవ శతాబ్దము వచ్చెను. ఆ పేర్లివి: అలన్ అట్టవే, జేమ్స్ కుక్, ఆల్బర్ట్ మైనియార్ట్, నెల్డర్ పార్కర్, మోజెస్ పార్క్స్, డేవిడ్ ఫిలిప్స్, హాంప్టన్ స్టీఫెన్స్.